‘లెక్కల పుస్తకం తే బిడ్డా’ అంటున్న నాయనకు ఏం చెప్పాలి?

హనుమకొండ నుంచి ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. వాళ్ల నాయనకు 71 ఏళ్లు. పరకాల దిక్కు ఊళ్లో పత్తి, మిర్చి పండించిన రైతు. నలభై ఏళ్లు బీడీ తాగి, ఆరేళ్ల కిందట మానేశారు. సంక్రాంతి తర్వాత దగ్గు ఎంతకీ తగ్గకపోతే పరీక్షలు చేయించారు. ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలింది. అప్పటికే కాలేయానికీ వెన్నుపూసకూ పాకింది. రెండు విడతలు కీమో ఎక్కించేసరికి మనిషి మంచం దిగలేని స్థితికి వచ్చాడు. ఇక ఆపడమే మంచిదని డాక్టర్లు చెప్పారు. ‘వారాలు, మహా అయితే రెండు మూడు నెలలు’ అన్న మాట ఈమెకూ, హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న తమ్ముడికీ మాత్రమే తెలుసు. నాయనకు ‘ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది’ అని చెప్పి ఉంచారు.

అమ్మ ఇంట్లో ఆ మాట ఎత్తనివ్వదు. ఎత్తితే వచ్చి కూర్చుంటుందని ఆమె భయం. తమ్ముడేమో, ఊపిరి ఆడని రోజు వస్తే హైదరాబాద్ తీసుకుపోయి వెంటిలేటర్ పెట్టించాల్సిందే, లేకపోతే ‘కన్నకొడుకు ఉండి ఆస్పత్రిల గూడ ఎయ్యలే’ అని నలుగురూ అంటారంటున్నాడు. వీళ్లుండేది కిరాయి ఇల్లు, మేడ మీద రెండు గదులు. ‘పెద్దాయనకు ఊర్లె గాలి మంచిగుంటదేమో’ అని ఓనరమ్మ ఇప్పటికి రెండుసార్లు అన్నది. పదేళ్ల కొడుకు ‘తాత పోతే ఎటు పోతడు?’ అని అడుగుతున్నాడు. నాయన రాత్రి రెండింటికి లేచి గోడకు ఆనుకుని కూర్చుంటాడు. ‘గిట్ల పోవుడే ఉంటే గిన్నొద్దులు ఎందుకు బతికినట్టు బిడ్డా? నేనేం పాపం జేసిన?’ అంటాడు. ఈమె దగ్గర జవాబు లేదు. చావుకు అర్థమంటూ ఉందా, ఉంటే ఆయనకు ఎట్లా చెప్పాలి, అసలు నిజం చెప్పాలా వద్దా, ఇంట్లో ఉంచుకోవాలా ఆస్పత్రిలో వెయ్యాలా అని అడుగుతున్నారు. ఉత్తరం చివర, మార్జిన్‌లో చిన్న అక్షరాలతో ఒక వాక్యం: ‘వారం నుంచి లెక్కల పుస్తకం అడుగుతున్నాడు. మనసు పాడు చేసుకుంటాడని బీరువాలో దాచిపెట్టాను.’

అమ్మా,

నేను మీ ఉత్తరంలో ఎక్కువసేపు ఆగింది ఆ మార్జిన్ వాక్యం దగ్గర. రేపో మాపో లేచి తిరుగుతాననుకునే రైతు, అప్పులూ బాకీలూ రాసుకున్న లెక్కల పుస్తకాన్ని వారం పాటు రోజూ అడగడు. తన చేతి మణికట్టు ఎంత సన్నబడిందో ఆయన చూసుకుంటున్నాడు. కీమో ఎక్కించే గదిలో పక్క కుర్చీల్లో కూర్చున్నవాళ్లను చూశాడు. ఆయనకు తెలుసు. ఈ ఇంట్లో ఆ సంగతి మాట్లాడొచ్చా లేదా అన్నదే ఆయనకు తెలియడం లేదు. మీరు ఆయన కోసం దాస్తున్నారు, ఆయన మీ కోసం దాస్తున్నాడు. రాత్రి రెండింటికి అడిగే ప్రశ్న ఆ రెండు మౌనాల మధ్య నుంచి వస్తున్నది.

చావుకు అర్థం ఏమిటని అడిగారు. చచ్చాక ఏముందో నేను చెప్పను. అది మీ ఇంటి నమ్మకం, దానిలో వేలు పెట్టే హక్కు నాకు లేదు. కానీ చావు మనిషి చేత చేయించే పని ఒకటుంది, అప్పజెప్పడం. చేతిలో ఉన్నదాన్ని ఇంకొకరి చేతిలో పెట్టడం, తీసుకున్నది తిరిగి ఇవ్వడం, మనసులో ముల్లుంటే తీసెయ్యడం, ‘నువ్వు చూసుకో’ అని ఒక మాట అనడం. వెళ్లిపోయే రోజు ఉందని తెలిసిన మనిషే ఈ పని చేస్తాడు. నిజం దాస్తే ఆయనకు బాధ తప్పిస్తున్నామని అనుకుంటాం. నిజానికి ఆయనకు మిగిలిన ఆ ఒక్క పనిని చేతుల్లోంచి లాక్కుంటున్నాం. మిగతా విషయాలన్నీ దీన్ని పట్టుకునే చెబుతాను.

అయితే అన్నిటికంటే ముందు నొప్పి. ఆయన ట్రమడాల్ మీద ఉన్నాడనీ, రాత్రిళ్లు నడుము దగ్గర పొడిచినట్టు ఉంటుందని అంటాడనీ రాశారు. వెన్నుపూసలోకి పాకిన క్యాన్సర్ నొప్పికి చాలామందికి ట్రమడాల్ చాలదు. నొప్పితో ఉన్న మనిషికి ఏ మాటా ఎక్కదు. 1967లో లండన్‌లో, ఆఖరి దశ రోగులను చూసుకునే సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ మొదలుపెట్టిన సిసిలీ సాండర్స్ దీన్ని ‘మొత్తం నొప్పి’ అన్నారు. ఒంటి నొప్పి, మనసు నొప్పి, ఇంటివాళ్ల గురించిన దిగులు, ‘ఎందుకు బతికాను’ అన్న వేదన ఒకదానిలో ఒకటి కలిసిపోతాయని ఆమె చెప్పింది. అందుకే ‘నేనేం పాపం జేసిన’ అన్న ప్రశ్నలో సగం సరైన మందుతో తగ్గితే ఆశ్చర్యపోకండి.

ఆ మందు మార్ఫిన్. మాత్రల రూపంలో, ఎక్కువమందికి 5 లేదా 10 మిల్లీగ్రాములతో, 4 గంటలకొకసారి మొదలుపెడతారు. పెద్ద వయసువాళ్లకూ, కిడ్నీలు సరిగా లేనివాళ్లకూ ఇంకా తక్కువతో. ఎంత అన్నది డాక్టరే తేల్చాలి. ఇళ్లలో జరిగే పెద్ద తప్పు, నొప్పి వచ్చాక వేద్దామని ఆగడం. గడియారం చూసి వెయ్యాలి, నొప్పి లేకపోయినా వెయ్యాలి. మొదటి రెండు మూడు రోజులు మగతగా ఉంటుంది, కొందరికి కడుపులో తిప్పుతుంది, ఆ తర్వాత సర్దుకుంటుంది. మలబద్ధకం మాత్రం సర్దుకోదు. మార్ఫిన్ మొదలైన రోజే విరేచనం మాత్ర కూడా మొదలుకావాలి. అది రాయించుకోకపోతే ఐదో రోజుకు కడుపు బిగిసి, ‘ఈ మందు పడలేదు’ అని మొత్తం మానేస్తారు. అలవాటవుతుందనీ తొందరగా ప్రాణం పోతుందనీ పక్కింటివాళ్లు భయపెడతారు. డాక్టరు చెప్పిన మోతాదులో వేస్తే రెండూ జరగవు. ఆయాసానికి కూడా తక్కువ మోతాదులో ఇదే మందు పనిచేస్తుంది. మొహానికి తగిలేలా ఒక చిన్న ఫ్యాన్ పెట్టినా ఊపిరి తేలికైనట్టు ఉంటుంది.

మార్ఫిన్ ప్రతి మందుల షాపులో దొరకదు. అనుమతి ఉన్న ఆస్పత్రులే ఇస్తాయి. 2014లో చట్టం సవరించాక ఆ అనుమతి తెచ్చుకోవడం తేలికైంది. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలో అడగండి. ప్రభుత్వ పాలియేటివ్ కేర్ కేంద్రం, అంటే నయం కాని రోగాల్లో నొప్పీ బాధా తగ్గించే చోటు, మీకు దగ్గరలో ఎక్కడుందో, ‘ఆలన’ బండి మీ వైపు వస్తుందో లేదో ఆశా కార్యకర్తను కనుక్కోమనండి. ఆ బండిలో వచ్చే నర్సులు మంచం దగ్గరికే వచ్చి చూస్తారు. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో నొప్పి తగ్గించే విభాగం ఏళ్లుగా ఉంది. కాగితాలన్నీ పట్టుకుని అక్కడికి పోయే పని మీ తమ్ముడికి పెట్టండి. ఎందుకో కింద చెబుతాను. వెన్ను నొప్పికి రేడియేషన్ కూడా అడగండి, చాలామందికి ఒక్క సిట్టింగ్ సరిపోతుంది. ఒకవేళ కాళ్లు ఉన్నట్టుండి బలం తప్పినా, మూత్రం ఆగిపోయినా అది వెన్నుపాము నలుగుతున్న గుర్తు. తెల్లారేదాకా ఆగకుండా అప్పుడే ఆస్పత్రికి పోవాలి.

నొప్పి తగ్గి రెండు రాత్రులు కంటి నిండా నిద్రపోయాక మాట్లాడండి. రాత్రి పూట వద్దు, విన్న మాటతో ఒక్కడే చీకట్లో పడుకోవాల్సి వస్తుంది. పొద్దున, చాయ్ తాగాక, టీవీ ఆపేసి, మీరొక్కరే, లేదా మీరూ తమ్ముడూ కూర్చోండి. చుట్టాలందరినీ పిలిచి చెబితే ఆయన వాళ్లను ఓదార్చే పనిలో పడిపోతాడు. మీరు చెప్పడం మొదలుపెట్టకుండా ముందు అడగండి: ‘నాయనా, నీ పానం సంగతి నీకేమనిపిస్తంది?’ ఎనిమిది మాటలు మీరు తయారుచేసుకుని పోతే, ఆరు ఆయనే అంటాడు. తర్వాత రెండో ప్రశ్న: ‘డాక్టరు చెప్పింది నీకు చెప్పాల్నా, మాకు తెలిస్తే సాలా?’ ఈ ప్రశ్నను చాలామంది వదిలేస్తారు, ఇదే అన్నిటికంటే ముఖ్యమైంది. ‘నాకెందుకు, మీరే చూసుకోండ్రి’ అంటే అక్కడే ఆగిపోండి. తెలుసుకోవడం ఎంత హక్కో, వద్దనుకోవడమూ అంతే హక్కు. అప్పుడు లెక్కల పుస్తకం మాత్రం ఇచ్చెయ్యండి, దాని సంగతి ఆయనే చూసుకుంటాడు.

‘చెప్పు’ అంటే, ముందు ‘మంచి కబురు కాదు నాయనా’ అనండి. ఒక ఊపిరి ఆగండి. ‘ఇది నిమ్ము కాదు, క్యాన్సర్. మందులతోటి తగ్గేది కాదన్నరు’ అని ఒక్క ముక్కలో చెప్పండి. ఆ వెంటనే మీ నోటికి ‘కానీ ఏం కాదు’ అన్న మాట వస్తుంది. దాన్ని ఆపుకోండి. ఊరుకోండి, చెయ్యి పట్టుకోండి. ఆ నిశ్శబ్దం ఎంత పొడుగున్నా దాన్ని మీరు నింపకండి. ఎన్ని రోజులని ఆయన అడిగితే నెంబరు చెప్పకండి, తప్పిపోయే నెంబరు మనిషిని రోజులు లెక్కపెట్టేలా చేస్తుంది. ‘ఎక్కువ లేవంటున్నరు. చెయ్యాలనుకున్నవి ఇప్పుడే చేసుకుందాం’ అంటే చాలు. చివర తప్పక అనాల్సిన మాట ఒకటుంది: ‘నొప్పి లేకుంట చూసుకుంటం, నిన్ను ఒక్కన్ని వదిలిపెట్టం.’

తర్వాత ఏం జరుగుతుంది? రెండు రోజులు అన్నం ముట్టకపోవచ్చు. ఇన్నాళ్లు అబద్ధం చెప్పారని మీ మీద కోపపడొచ్చు. మూడో రోజు ఏమీ విననట్టే ‘నిమ్ము ఎప్పుడు తగ్గుతదట?’ అని అడగొచ్చు. అది మతిమరుపు కాదు. అంత పెద్ద మాటను మనసు కొంచెం కొంచెంగా లోపలికి తీసుకుంటుంది. కొట్లాడి ఒప్పించకండి, అడిగినదానికి మాత్రం మళ్లీ నిజమే చెప్పండి. చెప్పకుండా ఉండిపోతే ఏం జరుగుతుందో కూడా చూడండి. పరామర్శకు వచ్చిన ఏ మేనత్తో గుమ్మం దగ్గరే ఏడుస్తుంది, ఆయనకు అట్లా తెలుస్తుంది. ఆ రోజు నుంచి మీరిచ్చే మాత్రను కూడా అనుమానంగా చూస్తాడు.

ఇక ‘ఎందుకు బతికినట్టు’ అన్న ప్రశ్న. దానికి వేదాంతం వెతక్కండి, గీత శ్లోకాలు వినిపించకండి. ఆయనే అడిగితే వేరు. ఆ ప్రశ్నకు ఎదురు ప్రశ్నే జవాబు: ‘ఏం యాదికొస్తంది నాయనా?’ పాపం అన్నాడంటే, లోపల ఒక మనిషి పేరో, ఒక గట్టు తగాదానో ఉండొచ్చు. బీడీల సంగతే అయితే, రోగానికి కారణం ఉంటుందనీ, శిక్ష అనేది వేరే అనీ చెప్పండి. నలభై ఏళ్లు తాగి నిక్షేపంగా ఉన్నవాళ్లు ఆయనకు ఊళ్లోనే కనిపిస్తారు, ఒక్క బీడీ ముట్టకుండా ఇదే రోగంతో పోయినవాళ్లూ ఉన్నారు. ఆయన రైతు కాబట్టి ఆయన ఎరిగిన మాట ఒకటి అనొచ్చు. మన దగ్గర కాకతీయుల నాటి చెరువులు గొలుసుకట్టుగా ఉంటాయి. పై చెరువు నిండి మత్తడి పోస్తేనే కింది చెరువుకు నీళ్లు. మత్తడి లేకుండా కట్టపోస్తే ఆ కట్ట ఏమవుతుందో ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆయన నీళ్లు ఎవరెవరి పొలానికి పారాయో ఆయన చేతనే చెప్పించండి. ఏ సంవత్సరం బావి తవ్వించాడు, ఎవరికి విత్తనాలు ఉద్దెరకు ఇచ్చాడు, మిమ్మల్ని చదివించడానికి ఏది అమ్మాడు అని అడగండి. పొగడ్తగా వద్దు, తారీఖులతో, పేర్లతో అడగండి. కెనడాలో హార్వే చోచినోవ్ అనే మనోవైద్యుడు ఇట్లాంటి ప్రశ్నలతోనే ఒక పద్ధతి తయారుచేశాడు. చనిపోబోయే మనిషి మాటలను రికార్డు చేసి, రాసి, తిరిగి వాళ్లకే చదివి వినిపించి, ఇంటివాళ్ల చేతిలో పెడతారు. మీ ఫోన్‌లో రికార్డు బటన్ నొక్కి దిండు పక్కన పెడితే అదే పని అవుతుంది. ఒక్కోసారి 20 నిమిషాలకు మించొద్దు, ఆయాసం వస్తుంది.

మీ వైపు దినాల్లో పిట్టకు పెట్టుడు మీరు చూసే ఉంటారు. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి ఆకులో పెట్టి, దూరంగా నిలబడి కాకి కోసం చూస్తారు. పిట్ట ముట్టకపోతే ఒక్కొక్కరే ముందుకొచ్చి, ‘అవ్వను మేం జూసుకుంటం’, ‘పొలం అమ్మం’, ‘నేనూ తమ్ముడూ కలిసే ఉంటం’ అని గాలిలోకి మాట ఇస్తారు. ఆ మాటలన్నీ నిజానికి ఆ మనిషి వినాల్సినవి. మీ నాయన చెవులు ఇంకా పనిచేస్తున్నాయి. పిట్టకు చెప్పబోయే మాటలేవో మీరూ తమ్ముడూ ఇప్పుడే కూర్చుని అనుకుని, ఆయన మంచం దగ్గర చెప్పండి. రాత్రిళ్లు ఆయనను కూర్చోబెడుతున్నది బహుశా మీ అమ్మ గురించిన దిగులే. దానికి వేదాంతంలో జవాబు దొరకదు, మీ ఇద్దరి నోటి నుంచి రావాలి.

అమ్మతో వాదించకండి. మాట ఎత్తితే చావొస్తుందన్న భయానికి తర్కం పనిచెయ్యదు. ఆమె కాళేశ్వరం పోయి వచ్చిన మనిషే అయితే అక్కడి గుడిని యాదికి తెండి. ఒకే పానవట్టం మీద రెండు లింగాలు. ఒకటి కాళేశ్వరుడు, అంటే యముడు. పక్కనే ముక్తేశ్వరుడు. మొక్కినవాళ్లందరికీ శివుడు మోక్షమిచ్చేస్తుంటే యముడికి పని లేకుండా పోయిందట. ఆయన మొరపెట్టుకుంటే శివుడు తన పక్కనే చోటిచ్చి, ముందు నిన్ను మొక్కి తర్వాతే నన్ను మొక్కుతారన్నాడట. ఇప్పటికీ వరస అదే. ఆ గుడిలో యముణ్ని దాటేసి ముక్తి దగ్గరికి పోయే దారి లేదు. నేను చెప్పిన ఏ డాక్టరు మాటకంటే ఈ మాట ఆమెకు దగ్గరగా ఉంటుంది. ఆమెకు ఒక పని కూడా ఇవ్వండి. నోరు తడపడం, కాళ్లకు కొబ్బరినూనె రాయడం లాంటివి. భయపడే చేతులకు పని కావాలి.

మీ తమ్ముడు చెడ్డవాడు కాదు. దూరంగా ఉన్న కొడుకుకు ‘నేనేం చెయ్యలేదు’ అన్న బాధ ఉంటుంది, అది వెంటిలేటర్ రూపంలో బయటికొస్తుంది. మీరు ఎంత చెప్పినా వినడు. డాక్టరు ముందు కూర్చోబెట్టి అతన్నే మూడు ప్రశ్నలు అడగనివ్వండి: ఈ చికిత్సతో రోగంలో ఏం మారుతుంది, ఎన్ని రోజులు పెరుగుతాయి, ఆ రోజులు ఆయనకు ఎట్లా గడుస్తాయి. జవాబులు వింటే మనసు అదే మెత్తబడుతుంది. క్యాన్సర్ నిండిన ఊపిరితిత్తులకు వెంటిలేటర్ గాలి కొడుతుంది కానీ రోగాన్ని తాకదు. గొంతులో గొట్టం ఉంటే మాట రాదు. లాగేసుకుంటారని చాలాసార్లు చేతులు కట్టేస్తారు. ఇంటివాళ్లను రోజుకు కొద్దిసేపే లోపలికి పంపుతారు. గుండె ఆగితే ఛాతీ మీద నొక్కుతారు, ఆయన వయసులో పక్కటెముకలు విరగడం మామూలు.

అయితే ఆస్పత్రి అంటే వెంటిలేటరే అనుకోకండి, మధ్యలో దారులున్నాయి. జ్వరం వచ్చి ఛాతీలో ఇన్ఫెక్షన్ అయితే, వార్డులో రెండు మూడు రోజులు యాంటీబయాటిక్స్, ఆక్సిజన్ ఇచ్చి చూడండి. గెలిస్తే ఇంటికి తెచ్చుకోవచ్చు, లేకపోతే ఐసీయూకు పోకుండా ఆగొచ్చు. ఈ గడువును ముందే డాక్టరుతో అనుకుని కేసు షీట్‌లో రాయించండి. ఏమీ అనుకోకుండా పోతే, ఒక్కసారి గొట్టం వేశాక తీయించడం చాలా కష్టం. సుప్రీంకోర్టు 2018 మార్చి 9న గౌరవంగా చనిపోవడం కూడా బతికే హక్కులో భాగమేనని చెప్పి, ఆఖరి దశలో ఏ చికిత్స వద్దో ముందుగా రాసిపెట్టుకునే వీలు కల్పించింది. ఆ పద్ధతిని 2023 జనవరిలో సులువు చేసింది. ఇద్దరు సాక్షుల ముందు సంతకం, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ ఉంటే చాలు. కానీ వెంటిలేటర్ తీసెయ్యాలంటే ఇప్పటికీ ముగ్గురేసి డాక్టర్ల రెండు బోర్డులు ఒప్పుకోవాలి. మీ నాయన ఒప్పుకుంటే ఆ కాగితం రాయించుకోండి. అది తమ్ముడి గుండె మీద బరువు దింపుతుంది. రేపు నలుగురూ అడిగితే ‘మా నాయనే చెప్పిండు’ అనగలుగుతాడు.

ఇల్లా, ఊరా? ముందు ఆయన్నే అడగండి. పాత ఇల్లు, వేపచెట్టు, తెలిసిన మొహాలు చూడాలని ఆయనకుంటే, కారులో కూర్చోగలిగిన రోజుల్లోనే పోవాలి. ఆఖరి రెండు రోజుల్లో తరలిస్తే దారిలోనే పోవచ్చు. అప్పుడు ఆస్పత్రిలో ‘తెచ్చేసరికే మృతి’ అని రాస్తే కాగితాల తిప్పలు మొదలవుతాయి. బయల్దేరే గంట ముందు మార్ఫిన్ వెయ్యండి, వెనక సీట్లో పరుపు వేసి, తలా వీపూ ఎత్తుగా ఉండేలా దిండ్లు పెట్టి ఏటవాలుగా పడుకోబెట్టండి. ఊళ్లో ఉండే ఇబ్బంది మందులు. కనీసం రెండు వారాలవి చేతిలో పెట్టుకోండి, మింగలేని రోజు వస్తే ఏ ఇంజక్షనో, చర్మానికి అంటించే ఏ మందు పట్టీనో ముందే రాయించుకోండి. ఇంకో ఇబ్బంది ఊరి ఆర్‌ఎంపీ. ‘నీరసంగ ఉన్నడు, ఒక బాటిల్ పెడదాం’ అంటాడు. చివరి రోజుల్లో సెలైన్ ఎక్కిస్తే ఆ నీళ్లను శరీరం వాడుకోలేదు. కాళ్లు వాస్తాయి, ఊపిరితిత్తుల్లోకి చేరి గురగుర పెరుగుతుంది. తిననందుకు పోవడం లేదు, పోతున్నాడు కాబట్టి ఆకలి లేదు. ఇది అమ్మకు అందరికంటే ముందు చెప్పండి, లేకపోతే చెంచాతో నోట్లో కుక్కుతుంది.

హనుమకొండలోనే ఉండాలనుకుంటే ఓనరమ్మతో దాపరికం లేకుండా మాట్లాడండి. ఆయన పోయాక ఎన్ని గంటలు ఇంట్లో ఉంచుకోవచ్చు, మెట్ల మీద నుంచి దింపడానికి ఒప్పుకుంటారా, కింద వాకిట్లో ఫ్రీజర్ బాక్స్ పెట్టుకోనిస్తారా అని అడగండి. ఆమె కుదరదంటే ఇప్పుడే తెలియడం మంచిది. ఆ రోజు గేటు దగ్గర తెలిస్తే ఆ మాట మీరు జన్మలో మరిచిపోరు.

ఆఖరి రోజులు ఎట్లా ఉంటాయో తెలిస్తే భయం తగ్గుతుంది. ముందు తిండి, తర్వాత నీళ్లు తగ్గుతాయి. రోజులో ఎక్కువసేపు నిద్రలో ఉంటాడు. మూత్రం తగ్గి ముదురు రంగులోకి వస్తుంది. చేతులు, కాళ్లు చల్లబడతాయి, మోకాళ్ల దగ్గర ఊదా రంగు మచ్చలు కనిపిస్తాయి. ఊపిరి పెద్దగా, ఇంకా పెద్దగా తీసుకుని, సన్నబడి, ఆగిపోతుంది. అర నిమిషం, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ. మళ్లీ మొదలవుతుంది. ఆ ఆగినప్పుడల్లా ఇల్లంతా గొల్లుమంటుంది. అట్లా గంటలు, ఒక్కోసారి రోజులు నడుస్తుంది. గొంతులో గురగుర వస్తే పక్కకు తిప్పి, తల కొంచెం ఎత్తులో పెట్టండి. అది మనకు వినడానికి బాధ, ఆయనకు ఊపిరాడక వచ్చింది కాదు. తులసి నీళ్లు పొయ్యాలని అందరూ చుట్టూ చేరతారు. పొయ్యనివ్వకండి, ఊపిరి గొట్టంలోకి పోతుంది. దూది తడిపి పెదవులకు అద్దండి, ఆచారమూ నిలుస్తుంది, మనిషీ ఇబ్బంది పడడు. మంచం మీద పోవద్దని కిందికి దింపే ఆచారం మీకుంటే, మూడు నాలుగు రోజుల ముందే పరుపు నేల మీదికి మార్చండి. ఆఖరి గడియలో వెన్నుకు క్యాన్సర్ పాకిన మనిషిని నలుగురు ఎత్తితే ఆ నొప్పితోనే పోతాడు. స్పృహ లేనట్టు ఉన్నా మాట్లాడుతూనే ఉండండి. అట్లాంటి స్థితిలో ఉన్నవాళ్ల మెదడు కూడా శబ్దానికి స్పందిస్తోందని 2020లో కెనడా పరిశోధకులు చూపించారు. పాడెను దింపుడు కళ్లం దగ్గర దించి చెవిలో మూడుసార్లు పిలిచే మన పద్ధతి మీకు తెలుసు కదా. ఆ పిలుపు ఇంకొన్ని గంటల ముందే మొదలుపెట్టండి.

కళ్లు ఇవ్వాలని ఆయన అంటే ఆరు గంటల్లోపు తీయాలి. రెప్పలు మూసి, తడి దూది పెట్టి, ఫ్యాన్ ఆపి, తల కింద దిండు ఎత్తి ఉంచి కంటి బ్యాంకుకు ఫోన్ చెయ్యాలి. ఈ క్యాన్సర్ దానికి అడ్డం కాదు. రక్త క్యాన్సర్, కంటి క్యాన్సర్ లాంటివి ఉన్నవాళ్లవి తీసుకోరు. దేహదానం వైపు మనసుంటే, 2002లో కాళోజీ దేహం చేరింది కూడా మన కాకతీయ మెడికల్ కాలేజీకే. ఏది చేసినా 21 రోజుల్లోపు పంచాయతీ కార్యదర్శి దగ్గరో మున్సిపాలిటీలోనో మరణం నమోదు చేయించండి. భూమి ఫౌతికీ, అంటే వారసుల పేరు మీదికి మార్చడానికీ, బ్యాంకుకూ ఆ కాగితమే మూలం.

మీ బాబు సంగతి. ‘తాత పండుకున్నడు’, ‘దేవుడు తీస్కపోయిండు’ అనకండి, పిల్లలు నిద్రకూ దేవుడికీ భయపడతారు. ‘తాత శరీరం పనిచెయ్యడం ఆగిపోతుంది, మళ్లీ మొదలుకాదు. ఇది నీ వల్ల కాదు, నీకు అంటదు’ అని చెప్పండి. అమ్మ కడుపులో ఉన్నప్పుడు వేళ్లన్నీ తెడ్డులా కలిసి ఉంటాయనీ, మధ్యలో ఉన్న కణాలు చనిపోతేనే వేళ్లు విడివడతాయనీ వాడి చేతిని పట్టుకుని చూపించండి. క్యాన్సర్ అంటే చావాల్సిన వేళకు చావడం మరిచిపోయిన కణాలనీ చెప్పొచ్చు, పదేళ్లవాడికి అర్థమవుతుంది. ఆ రోజు చూస్తానంటే చూడనివ్వండి, వద్దంటే వద్దు. పక్కన ఉండే పెద్ద మనిషిని ఒకరిని ముందే వాడికి అప్పజెప్పండి. మీరు ఆ రోజు వాణ్ని చూసుకోలేరు.

బీరువాలో పుస్తకం మాత్రం రేపే తియ్యండి. మార్ఫిన్ మొదలై, తొలి రోజుల మగత తగ్గాక, పొద్దున మాత్ర వేసిన గంటకు నొప్పి బాగా తగ్గి ఉంటుంది. ఆయన చెయ్యి తిరిగేది అప్పుడే. కళ్లద్దాలు తుడిచి పెట్టండి, ఒత్తి రాయనక్కర్లేని పెన్ను ఇవ్వండి. ఏనుమాముల మార్కెట్‌లో అడ్తిదారు దగ్గర బాకీ ఎంతో, ఎవరు ఆయనకు ఇవ్వాలో, ఎవరిది వదిలెయ్యమంటున్నాడో ఒక్కో పేజీ చదివిస్తూ రాసుకోండి. వీలునామా రాస్తానంటే తెల్ల కాగితం చాలు. ఆస్తిలో వాటా లేని ఇద్దరు సాక్షులు ఆయన ముందే సంతకం చెయ్యాలి. మనిషి తెలివిలోనే ఉన్నాడని డాక్టరుతో అదే రోజు ఒక ముక్క రాయించుకోండి. లేకపోతే మార్ఫిన్ మత్తులో రాశాడని రేపు ఎవరో ఒకరు అంటారు. అలిసిపోతే పుస్తకం ఆయన దిండు కిందే ఉండనివ్వండి, మళ్లీ బీరువాలో పెట్టకండి.